పరమాణువు గురించి తొమ్మిదో తరగతి పాప అడిగిన మూడు ప్రశ్నలు

మీ పాప అడిగినవి ఇవీ. ప్లస్, ప్లస్ వికర్షించుకుంటాయి కదా, మరి ప్రోటాన్లన్నీ కేంద్రకంలో ఒకేచోట ఎలా ఉంటున్నాయి? ప్లస్, మైనస్ ఆకర్షించుకుంటాయి కదా, మరి ఎలక్ట్రాన్ వెళ్లి కేంద్రకంలో పడిపోదేం? పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే అయితే గోడలోంచి చెయ్యి ఎందుకు దూరిపోదు? ట్యూషన్ సారు "ఇవి పరీక్షలో రావు, వదిలెయ్" అన్నారట.

నేను ఇంటర్ పిల్లలకి 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ మూడూ కలిపి ఒకేసారి అడిగిన పిల్లలు నాకు చాలా తక్కువ మంది తగిలారు. కాబట్టి ముందు పాపని మెచ్చుకోండి. మీకు జవాబు రాలేదని సిగ్గుపడకండి. రెండో ప్రశ్నకి జవాబు తెలియక 1911లో రూథర్‌ఫర్డ్ కూడా ఊరుకున్నాడు.

ఈ సందేహాల్లో సగం మన పుస్తకాల్లోని బొమ్మ వల్లే వస్తాయి. మధ్యలో ద్రాక్షగుత్తిలా కేంద్రకం, చుట్టూ గ్రహాల్లా తిరిగే ఎలక్ట్రాన్లు. బోర్డు మీద నేనూ ఆ బొమ్మే గీశాను, వేరే దారి లేదు. కానీ దాంట్లో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి కొలతది, రెండోది ఎలక్ట్రాన్ తిరిగే తీరుది.

కొలత సంగతి చూద్దాం. హైడ్రోజన్ కేంద్రకం అంటే ఒకే ఒక్క ప్రోటాన్. దాన్ని ఒక ఆవగింజ అనుకోండి, రెండు మిల్లీమీటర్లు. ఉప్పల్ స్టేడియంలో పిచ్ మధ్యలో ఆ ఆవగింజ పెడితే పరమాణువు అంచు సుమారు బౌండరీ తాడు దగ్గర ఉంటుంది. నిష్పత్తి అరవై వేలకి ఒకటి పైనే. అదే కొలతలో పుస్తకంలో బొమ్మ గీయాలంటే పేజీ సరిపోదు కాబట్టి కేంద్రకాన్ని గోలీ అంత గీస్తారు. బరువంతా మాత్రం ఆ ఆవగింజలోనే. ప్రోటాన్ కంటే ఎలక్ట్రాన్ 1,836 రెట్లు తేలిక. 60 కిలోల మనిషి ఒంట్లో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ పోగేసి తూచినా 20 గ్రాములు తూగవు.

ఇంత ఖాళీ ఉందని ఎవరు చూశారు అని పాప అడుగుతుంది. అడగాలి కూడా. 1897లో కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టాడు. పరమాణువు మొత్తం మీద తటస్థంగా ఉంటుంది కాబట్టి లోపల ధనావేశం కూడా ఉండి తీరాలి. అది పుచ్చకాయ గుజ్జులా పరమాణువంతా పరుచుకుని ఉందనీ, ఎలక్ట్రాన్లు గింజల్లా అందులో ఉన్నాయనీ ఆయన ఊహ. తెలివైన ఊహే, పరీక్షకి నిలబడలేదంతే.

ఆ పరీక్ష 1909లో మాంచెస్టర్‌లో జరిగింది. రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, ఇంకా డిగ్రీ చదువుతున్న మార్స్‌డెన్ అనే కుర్రాడు ఆ పని చేశారు. కాజూ బర్ఫీ మీద వెండి వరక్ అంటిస్తారు చూడండి, వేలికి తగిలితే చిరిగిపోయేది, అలాంటి పల్చటి బంగారు రేకు తీసుకున్నారు. దాని మీదికి ఆల్ఫా కణాల్ని, అంటే కొన్ని రేడియోధార్మిక పదార్థాలు కక్కే ప్లస్ ఆవేశమున్న కణాల్ని, వదిలారు. ఇవి సెకనుకు పదిహేను వేల కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతాయి. అవతల జింక్ సల్ఫైడ్ పూసిన తెర. కణం తగిలిన చోట చిన్న మెరుపు. ఆ మెరుపుని చూడటానికి కెమెరా లేదు, మిషను లేదు. చీకటి గదిలో అరగంట కూర్చుని కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, మైక్రోస్కోపుకి కన్ను ఆనించి ఒక్కొక్క మెరుపూ లెక్కపెట్టడమే. ఇప్పుడు ల్యాబు రికార్డు పక్కవాడి దగ్గర కాపీ కొట్టే పిల్లలకి నేను ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పేవాడిని.

చాలా కణాలు రేకు అసలు లేనట్టే నేరుగా వెళ్లిపోయాయి. కొన్ని కాస్త వంగాయి. ఎన్నో వేలల్లో ఒకటి మాత్రం వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే 7 వేల రెట్లకు పైగా బరువు. లారీకి దోమ అడ్డొస్తే లారీ వెనక్కి తిరగదు కదా. గుజ్జులా పరుచుకున్న ధనావేశం కూడా దాన్ని ఆపలేదు. ఆపాలంటే ధనావేశమూ బరువూ కూడా అతి చిన్న చోట కూరుకుని ఉండాలి. ఆ లెక్క కట్టి 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చాడు. తర్వాత నైట్రోజన్ మీద ఆల్ఫా కణాలు కొడితే హైడ్రోజన్ కేంద్రకాలు బయటపడటం చూశాడు. 1920లో వాటికి ప్రోటాన్ అని పేరు పెట్టాడు.

ఇక పాప మొదటి ప్రశ్న. వికర్షణ ఎంతో ఒకసారి లెక్క కడదాం. రెండు ఆవేశాల మధ్య బలం ఎంతో చెప్పే కూలుంబు సూత్రం పాపకి వచ్చే ఏడాదో ఆపై ఏడాదో వస్తుంది, మీరే కట్టి చూపించండి. ప్రోటాన్ ఆవేశం 1.6×10⁻¹⁹ కూలుంబులు. రెండు ప్రోటాన్ల మధ్య దూరం ఒక ఫెర్మీ, అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు అనుకోండి. బలం సుమారు 230 న్యూటన్లు వస్తుంది. అంటే 23 కిలోల బరువుకి సమానం. ఇంటికి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తితే చేతుల మీద ఎంత భారం పడుతుందో, కంటికి కాదు కదా ఏ మైక్రోస్కోపుకీ కనపడని రెండు కణాల మధ్య దాదాపు అంత తోపులాట. ఈ అంకె మొదటిసారి కట్టినప్పుడు నేను తప్పు చేశానేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇంత తోపుడునీ మించి పట్టి ఉంచేది ఇంకో బలం. దాన్ని బలమైన కేంద్రక బలం అంటాం. పేరు పెట్టినవాళ్లు పెద్దగా బుర్ర పెట్టలేదు. కేంద్రకంలో ప్రోటాన్లతో పాటు న్యూట్రాన్లు అనే కణాలు కూడా ఉంటాయి. ఈ బలం ప్రోటాన్‌కీ ప్రోటాన్‌కీ మధ్య, ప్రోటాన్‌కీ న్యూట్రాన్‌కీ మధ్య, న్యూట్రాన్‌కీ న్యూట్రాన్‌కీ మధ్య ఒకేలా పనిచేస్తుంది. ప్లస్సా, మైనస్సా అని చూడదు. కానీ దీని చెయ్యి చాలా పొట్టి. రెండు మూడు ఫెర్మీలు దాటితే దాదాపు లేనట్టే. వికర్షణ అలా కాదు, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది తప్ప ఎక్కడా ఆగదు. రద్దీగా ఉన్న జనరల్ బోగీ గుర్తు చేసుకోండి. మనం చెయ్యి పట్టుకోగలిగేది పక్కవాడిదే. అరుపు మాత్రం బోగీ అంతా వినిపిస్తుంది. కేంద్రక బలం చెయ్యి పట్టుకోవడం లాంటిది, వికర్షణ అరుపు లాంటిది.

న్యూట్రాన్ ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. దానికి ఆవేశం లేదు, కాబట్టి అరవదు. కానీ పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. రెండు ప్రోటాన్లు మాత్రమే కలిసి నిలిచే కేంద్రకం ప్రకృతిలో లేదు. వాటికి ఒక్క న్యూట్రాన్ కలిపితే చాలు, హీలియం-3 నిలుస్తుంది. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ అరిచేవాళ్లు ఎక్కువవుతారు కాబట్టి న్యూట్రాన్లు ఇంకా ఎక్కువ కావాలి. కార్బన్‌లో 6 ప్రోటాన్లకి సాధారణంగా 6 న్యూట్రాన్లు చాలు. సీసంలో 82 ప్రోటాన్లకి ఎక్కువగా కనిపించే రూపంలో 126 న్యూట్రాన్లు. యురేనియం దగ్గరికి వచ్చేసరికి 92 ప్రోటాన్లకి 146 న్యూట్రాన్లు పెట్టినా పూర్తిగా నిలవదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వితీసే యురేనియంలో ప్రధానంగా ఉండేది ఇదే, యురేనియం-238. అందులో సగం ఆల్ఫా కణాలు కక్కి వేరే మూలకంగా మారడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. ప్లస్, ప్లస్ కలిసి ఎలా ఉంటాయి అని పాప అడిగింది కదా, యురేనియంలో అవి నిజంగానే పూర్తిగా సర్దుకోలేవు.

న్యూట్రాన్ అందరికంటే ఆలస్యంగా దొరికింది, 1932లో. ఆవేశం లేనిది ఏ పరికరానికీ సులభంగా చిక్కదు. బెరీలియం మీద ఆల్ఫా కణాలు కొడితే ఏదో కిరణం వస్తోంది, అది మైనాన్ని తాకితే ప్రోటాన్లు ఎగిరి పడుతున్నాయి. పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు దాన్ని గామా కిరణం అనుకున్నారు. బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ చాడ్విక్‌కి నమ్మకం కుదరలేదు. గోలీలాటలో ఒక గోలీ ఆగివున్న గోలీని సూటిగా కొడితే కొట్టింది ఆగిపోయి తగిలింది అదే ఊపుతో వెళ్తుంది. రెండూ ఒకే బరువు ఉంటేనే అలా జరుగుతుంది. ప్రోటాన్‌ని అంత గట్టిగా ఎగరగొట్టాలంటే కొట్టినదీ ఇంచుమించు ప్రోటాన్ అంత బరువే ఉండాలని ఆయన తేల్చాడు. 1935లో నోబెల్ వచ్చింది. ఆ చాడ్విక్ తర్వాత లివర్‌పూల్‌లో ఉండగా ఆయన ల్యాబులో పనిచేసిన వారిలో మన పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద ఒకరు. సన్యాసి, భౌతిక శాస్త్రవేత్త. ఆయనే తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

పరమాణువులో ఎవరి పని ఏమిటో పాపకి ఇలా చెప్పండి. ప్రోటాన్ల సంఖ్య మూలకం పేరుని నిర్ణయిస్తుంది. 79 ఉంటే బంగారం, ఒకటి ఎక్కువైతే పాదరసం. ఎలక్ట్రాన్లు రసాయన స్వభావాన్ని నిర్ణయిస్తాయి, ఎవరితో కలవాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది వాటి చేతుల్లో ఉంది. న్యూట్రాన్ల సంఖ్య మారితే పేరు మారదు, బరువు మారుతుంది. వాటినే ఐసోటోపులు అంటాం. దీనికి మంచి ఉదాహరణ మన మణుగూరులోనే ఉంది. అక్కడి భారజల కర్మాగారం చేసే పనల్లా మామూలు నీటిలోంచి ఒక న్యూట్రాన్ అదనంగా ఉన్న హైడ్రోజన్‌ని, అంటే డ్యుటీరియాన్ని ఏరి పోగుచేయడమే. ప్రకృతిలో అది సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్లలో ఒకటి. అంత ఏరాక వచ్చిన భారజలం చూడటానికి నీళ్లే. కానీ లీటరు 1.1 కిలోలు తూగుతుంది. దాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్ల గ్లాసులో వేస్తే ఆ ఐసు ముక్క మునిగిపోతుంది. తేడా అంతా న్యూట్రాన్‌దే.

రెండో ప్రశ్న దగ్గరికి వస్తే, బొమ్మలోని రెండో అబద్ధం బయటపడుతుంది. గ్రహంలా తిరిగితే పాప చెప్పినట్టే జరుగుతుంది. ఆవేశం ఉన్న కణం వంపు తిరుగుతుంటే శక్తిని వెలుగు రూపంలో పారేసుకుంటుంది. ఆ లెక్కన హైడ్రోజన్ ఎలక్ట్రాన్ సెకనులో సుమారు ఆరు వేల కోట్లవ వంతులోనే కేంద్రకంలో కూలిపోవాలి. 1913లో బోర్ "కొన్ని కక్ష్యల్లో ఉంటే శక్తి పోదు" అని నియమం పెట్టాడు. హైడ్రోజన్ వెలుగు రంగుల లెక్క అచ్చంగా కుదిరింది. ఎందుకు పోదో మాత్రం చెప్పలేదు. పరీక్షలో బోర్ నమూనానే రాయాలి, మార్కులు దానికే. తెలుసుకోవాలంటే ఇంకో అడుగు వేయాలి.

ఆ అడుగు 1920ల్లో పడింది. ఎలక్ట్రాన్‌కి తరంగ స్వభావం ఉంది. ఇది వినడానికి గాలి మాటలా ఉంటుంది కాబట్టి వీణ తీసుకోండి. తీగ రెండు కొసలా బిగించి ఉంటుంది. మీటితే ఒక కనీస శ్రుతి పలుకుతుంది, అంతకంటే కింది శ్రుతి ఆ పొడవులో పలకదు. మెట్టు మీద వేలు నొక్కి మోగే పొడవు తగ్గిస్తే శ్రుతి పెరుగుతుంది. ఎలక్ట్రాన్ కూడా అంతే. కేంద్రకం ఆకర్షణ దాన్ని ఒక చోట బంధిస్తుంది. ఆ చోటు ఎంత చిన్నదైతే ఎలక్ట్రాన్ కదలిక శక్తి అంత పెరుగుతుంది. పరమాణువుని సగానికి నొక్కారనుకోండి, కదలిక శక్తి నాలుగు రెట్లవుతుంది. దగ్గరికి రావడం వల్ల ఆకర్షణలో కలిసొచ్చేది రెండు రెట్లే. ఇంకా నొక్కితే నష్టం ఇంకా ఎక్కువ. లాభం, నష్టం సరితూగే చోట ఎలక్ట్రాన్ నిలుస్తుంది. హైడ్రోజన్‌లో ఆ చోటు కేంద్రకం నుంచి మీటరులో వెయ్యి కోట్లవ వంతులో సుమారు సగం దూరం. దానికి కింద ఇంకో మెట్టు లేదు, అందుకే పడదు.

ఈ ఎలక్ట్రాన్ ఒక గీత మీద తిరగదు. ఎక్కడ దొరకవచ్చో చెప్పే మేఘంలా పరుచుకుని ఉంటుంది, దాన్నే ఆర్బిటాల్ అంటారు. ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు గుండ్రంగా పరుచుకున్నట్టు కనిపిస్తాయి కదా, అలాగ అని కొందరు చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. రెక్క ప్రతి క్షణం ఒక చోట ఉంటుంది, మన కన్ను అందుకోలేదంతే. ఎలక్ట్రాన్ విషయంలో ముందే ఒక కచ్చితమైన చోట ఉంది, మనకే కనపడలేదు అనుకోవడం కుదరదు. ఇది ఇంటర్‌లో కూడా పిల్లలకి గొంతు దిగదు. పాపకి ఇప్పుడే దిగాలని పట్టుబట్టకండి.

మూడోది, గోడ. ఖాళీ అన్న మాటే ఇబ్బంది తెచ్చింది. బౌండరీ తాడు లోపల గడ్డి కూడా లేని మైదానం అని పాప ఊహించుకుంది. అక్కడ ఎలక్ట్రాన్ మేఘం పరుచుకుని ఉంది. బరువు దాదాపు లేదు కానీ ఆవేశం ఉంది, దానికో పట్టుదల కూడా ఉంది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండవు అని 1925లో పౌలీ చెప్పాడు. మీ చేతి పరమాణువుల మేఘం గోడ పరమాణువుల మేఘంలోకి చొరబడాలంటే ఎలక్ట్రాన్లు ఇంకా పై శక్తి మెట్లు ఎక్కాలి. అంత శక్తి చేతి తోపులో లేదు. మనకి గట్టిదనం అని తెలిసేది ఇదే.

అయితే ఖాళీనా కాదా అన్నది దూరేవాడిని బట్టి ఉంటుంది. ఆల్ఫా కణాలకి బంగారు రేకు దాదాపు ఖాళీ. ఆవేశమూ లేక, కేంద్రక బలమూ పట్టని న్యూట్రినో అనే అతి తేలికైన కణానికి భూగోళమే ఖాళీ. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్లు దూరిపోతున్నాయి. పగలూ రాత్రీ తేడా లేదు. వాటిని పట్టడం ఎంత కష్టమంటే, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడని 1965లో కోలార్ బంగారు గనుల్లో, నేలకి రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు దించి పట్టుకోవాల్సి వచ్చింది.

ప్రోటాన్ లోపల ఏముంది అని కూడా అడుగుతుంది కాబట్టి పొట్టిగా చెప్తాను. లోపల క్వార్కులు అనే ఇంకా చిన్న కణాలు ఉంటాయి. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్. అప్ ఆవేశం మూడింట రెండు వంతులు ప్లస్, డౌన్ ఆవేశం మూడింట ఒక వంతు మైనస్, కూడి చూసుకోమనండి. క్వార్కుల సొంత బరువు కలిపితే ప్రోటాన్ బరువులో నూటికి ఒకటి మాత్రమే. మిగతాదంతా వాటిని కట్టి ఉంచే శక్తి, బరువు రూపంలో. 60 కిలోల మనిషిలో క్వార్కుల అసలు బరువు ఒక కిలో కూడా రాదు. ఎలక్ట్రాన్ లోపల మాత్రం ఇప్పటిదాకా ఏదీ దొరకలేదు.

చివరగా రెండో ప్రశ్నకి ఒక కొసరు. ఎలక్ట్రాన్ పడదని చెప్పాను కదా, ఒక్కోసారి పడుతుంది. ఆ మేఘం కేంద్రకం లోపల కూడా కొంచెం ఉంటుంది. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్ల లెక్క సరిగా కుదరని చోట ఒక ప్రోటాన్ ఆ ఎలక్ట్రాన్‌ని పట్టుకుని న్యూట్రాన్‌గా మారిపోతుంది, ఒక న్యూట్రినో బయటికి పోతుంది. అరటిపండులోనూ మన ఒంట్లోనూ ఉండే పొటాషియంలో పదివేలకి ఒకటి పొటాషియం-40. విఘటనం చెందే ప్రతి వంద పొటాషియం-40 పరమాణువుల్లో పదకొండు దాదాపు ఇదే దారిన ఆర్గాన్‌గా మారతాయి. ఇప్పుడు మీ ఇంట్లో ఫ్యాను కింద ఆడుతున్న గాలిలో దాదాపు ఒక శాతం ఆర్గాన్. అది ఇంచుమించు అంతా, భూమి పుట్టినప్పటి నుంచీ రాళ్లలోని పొటాషియంలో ఎలక్ట్రాన్లు కేంద్రకంలో పడగా పుట్టిందే.